జఅమ్ : రుజువు కోసం నిలిచిన మాట

హిజ్రీ శకం 8వ సంవత్సరం (క్రీ.శ. 630). మక్కా నగరం ముస్లిముల వశమైన సందర్భం. అబూ తాలిబ్ కుమార్తె హజ్రత్ ఉమ్మె హానీ (రజి) దైవప్రవక్త (స) సన్నిధికి వచ్చారు. ఆ సమయంలో ఆయన స్నానం చేస్తున్నారు. హజ్రత్ ఫాతిమా (రజి) వస్త్రంతో చాటు పట్టి ఉన్నారు. స్నానం ముగించి, ఎనిమిది రకాతుల నమాజు చేసిన తరువాత ఉమ్మె హానీ (రజి) తన ఫిర్యాదు విన్నవించుకున్నారు. తాను అభయమిచ్చిన ఒక వ్యక్తిని చంపుతానని తన తోబుట్టువు అలీ (రజి) అంటున్నారన్నది ఆ ఫిర్యాదు. ఆమె అభయమిచ్చినవారికి తామూ అభయమిచ్చామని ప్రవక్త (స) తీర్పు చెప్పారు. ఈ హదీసు బుఖారీ, ముస్లిం గ్రంథాలు రెండింటిలోనూ ఉంది.

మనం పైన "అంటున్నారు" అని వ్రాసిన చోట అరబ్బీ మూలంలో ఉన్న మాట "జఅమ". నిఘంటువు తెరిస్తే ఈ పదానికి "ఆధారం లేకుండా వాదించాడు", "లేనిదాన్ని ఉన్నట్లు చెప్పుకున్నాడు" అనే అర్థాలే ముందుగా కానవస్తాయి. వాటిలో ఒకదాన్ని ఇక్కడ పెడితే ఏమవుతుంది? ఉమ్మె హానీ (రజి) తన సోదరుణ్ణి అసత్యవాది అన్నట్లవుతుంది. ఆమె ఉద్దేశం అది కానే కాదు. పోనీ, ఎక్కడ ఈ మాట కనిపించినా "అన్నాడు" అని సరిపెడదామా? అప్పుడు దివ్యఖుర్ఆన్ బహుదైవారాధకుల వాదాలను ఖండించే చోట ఆ ఖండనలోని పదును పోతుంది. అరబ్బీ గ్రంథాలను తెలుగులోనికో ఉర్దూలోనికో తెచ్చేవారికి ఇది చిన్న చిక్కు కాదు. ఒక వ్యక్తి సత్యసంధత, ఒక గాథ ప్రామాణికత, ఒక సహాబీ విశ్వాస స్థితి సైతం ఈ ఒక్క పదంపై ఆధారపడిన సందర్భాలున్నాయి. కనుక దీని చరిత్రను కొంచెం నిదానంగా పరిశీలించటం అవసరం.

ధాతువు – రెండు అర్థాలు

జె, ఐన్, మీమ్ అనే మూడక్షరాల ధాతువు నుండి ఈ పదం వచ్చింది. జఅమ్, జుఅమ్, జిఅమ్ అని మూడు విధాలుగానూ అరబ్బులు దీనిని పలికేవారు. అన్ఆమ్ సూరాలో ఈ పదం వచ్చిన చోట కూఫా ఖారీ కిసాయీ (మరణం హి.శ. 189) "జుఅమ్" అనే పఠించారు.

ధాతువుల మూలార్థాలను వివరించిన ఇబ్నె ఫారిస్ (మరణం హి.శ. 395) దీనికి రెండు మూలాలున్నాయని తేల్చారు. మొదటిది: సరైనదన్న నిశ్చయం లేకుండా పలికిన పలుకు. రెండవది: ఒక విషయానికి పూచీ పడటం. ఈ రెండవ అర్థంలోనే "జఈమ్" అనే పదం పుట్టింది. హజ్రత్ యూసుఫ్ (అలై) గాథలో రాజుగారి పానపాత్ర పోయినప్పుడు, దాన్ని తెచ్చి ఇచ్చినవారికి ఒంటె మోయగలిగినంత ధాన్యం లభిస్తుందని ప్రకటించిన వ్యక్తి, ఆ బహుమానానికి తాను "జఈమ్"నని చెబుతాడు. అంటే పూచీదారు, మన కోర్టు భాషలో జామీనుదారు. ఖలమ్ సూరాలో కూడా, తమకు తీర్పు దినాన అంతా అనుకూలంగానే జరుగుతుందని భావించేవారిని ఉద్దేశించి, వారిలో దీనికి జఈమ్ ఎవరో అడగవలసిందిగా ప్రవక్త (స)కు ఆదేశం వచ్చింది. జఈమ్ అయినవాడు సొమ్ము చెల్లించవలసినవాడేనని హదీసులో సైతం ఉంది. అబూ దావూద్, తిర్మిజీ దీనిని ఉల్లేఖించారు.

ఈ రెండు అర్థాలకూ సంబంధం ఏమిటి? ఖుర్ఆన్ పదకోశకర్త రాగిబ్ ఇస్ఫహానీ దీనికి ఒక జవాబిచ్చారు. పూచీ పడేవాడూ నాయకుడూ ఇద్దరూ జఈమ్‌లే. ఎందుకంటే వారిద్దరి మాటలోనూ అసత్యానికి తావుంటుందని జనం తలుస్తారట! ఇందులో కొంత చమత్కారం ఉన్నా, అసలు విషయం ఒకటుంది. పూచీదారు తన మాటను హామీగా పెడతాడు. అది నెరవేరేదాకా అతని బాధ్యత తీరదు. అలాగే వాదం చేసినవాడి మాట కూడా రుజువయ్యేదాకా అతని మెడ మీదనే ఉంటుంది. రెంటిలోనూ నోటి మాట ముందు వెళుతుంది, రుజువు తరువాత రావాలి.

దివ్యఖుర్ఆన్‌లో ప్రయోగం

దివ్యఖుర్ఆన్‌లో ఈ ధాతువు 17 సార్లు వచ్చింది. అందులో క్రియగా 13 సార్లు, జఅమ్ అనే నామవాచకంగా 2 సార్లు, జఈమ్‌గా 2 సార్లు. జఈమ్‌ను మినహాయిస్తే మిగిలిన 15 చోట్లా సందేహమో నిరసనో ధ్వనిస్తుంది. వీటిలో ఒక్క చోట మాత్రం, బనీ ఇస్రాయీల్ సూరాలో, ఈ మాట అవిశ్వాసుల నోట వచ్చింది. ఆకాశాన్ని ముక్కలు ముక్కలుగా తమ మీద పడవేయమని ప్రవక్త (స)ను సవాలు చేస్తూ, "నీవు చెప్పుకుంటున్నట్లు" అనే భావంలో వారు దీనిని వాడారు. మిగిలిన చోట్ల అది వారి వాదాలనే ఎత్తి చూపుతుంది.

ఆ వాదాలు ఎవరివి? పంటలో, పశువుల్లో ఇంత అల్లాహ్‌కు, ఇంత తమ దేవతలకు అని పంచిన ముష్రిక్కులవి. విశ్వసించామని చెప్పుకుంటూనే తీర్పు కోసం తాగూత్ వద్దకు పోగోరిన కపటులవి. ఇతరులెవరూ కారు, తామే అల్లాహ్‌కు ఆప్తులమని భావించిన యూదులవి. మరణించాక మళ్ళీ లేపబడటమన్నది ఉండదన్న అవిశ్వాసులవి. ఈ చివరి సందర్భాన్ని వివరిస్తూ జమఖ్షరీ (మరణం హి.శ. 538) జఅమ్ అంటే "తెలిసినట్లు వాదించటం" అన్నారు. తెలియకపోవటం వేరు, తెలియనిదాన్ని తెలిసినట్లు వాదించటం వేరు. ఖుర్ఆన్ గర్హించినది ఈ రెండవదాన్ని.

ఇక్కడ గమనించవలసిన ముఖ్య విషయం మరొకటి ఉంది. అనేక చోట్ల ఖుర్ఆన్ ఈ వాదాలను ఖండించి ఊరుకోలేదు. వాటి ముందు ఒక పరీక్ష పెట్టింది. మీరు దేవుళ్ళని భావిస్తున్నవారిని పిలిచి చూడండి, మీ కష్టం తీర్చగలరేమో అంది. అల్లాహ్‌కు ఆప్తులమన్నవారిని, నిజమే అయితే మరణాన్ని కోరుకోమంది. ప్రళయదినాన, మీరు నా భాగస్వాములని చెప్పినవారు ఎక్కడున్నారని అల్లాహ్ అడుగుతాడని తెలిపింది. అంటే వాదం చేసినవాణ్ణి నిదర్శనం తెమ్మనటమే ఖుర్ఆన్ పద్ధతి. వాదం అసత్యమని తేలేది ఆ పరీక్షలో.

ఒక ఎడారివాసి, ఒక చర్చ

హదీసు గ్రంథాలలోనికి వస్తే ఈ పదానికి మరో ముఖం కనిపిస్తుంది. హజ్రత్ అనస్ (రజి) ఉల్లేఖనంలో ఒక ఎడారివాసి ప్రవక్త (స) వద్దకు వచ్చి, మీ దూత మా వద్దకు వచ్చి మిమ్మల్ని అల్లాహ్ పంపాడని మీరు అంటున్నట్లు చెప్పాడు, ఇది నిజమేనా అన్న ధోరణిలో అడుగుతాడు. అతని ప్రశ్నలలో మాటిమాటికీ వచ్చే క్రియ "జఅమ" యే. అయిదు పూటల నమాజు, జకాత్, రమజాను ఉపవాసాలు, హజ్ – ఒక్కొక్కదాని గురించీ మీ దూత ఇలా "జఅమ" అని అడగటం, అతను నిజమే చెప్పాడని ప్రవక్త (స) సమాధానమివ్వటం ముస్లిం గ్రంథంలో కానవస్తుంది. బుఖారీలోని ఉల్లేఖనం ఈ వ్యక్తి బనూ సఅద్ బిన్ బక్ర్ తెగకు చెందిన జిమామ్ బిన్ సఅలబా (రజి) అని తెలుపుతుంది.

ఈ హదీసు మీద విద్వాంసుల మధ్య ఒక చర్చ జరిగింది. జిమామ్ (రజి) విశ్వసించిన తరువాత తన విశ్వాసాన్ని స్థిరపరచుకోవటానికి వచ్చారా, లేక అప్పటికి ఇంకా విశ్వసించలేదా? ముస్లిం గ్రంథ వ్యాఖ్యాత అబుల్ అబ్బాస్ ఖుర్తుబీ (మరణం హి.శ. 656) రెండవ అభిప్రాయం వైపు మొగ్గారు. ఆయన చూపిన ఆధారాలలో ఈ పదం ఒకటి. జఅమ్ అంటే నమ్మదగని పలుకని ఇబ్నుస్సిక్కీత్ వంటి భాషావేత్తలు చెప్పారు గనుక, ఆ మాట వాడిన వ్యక్తి అప్పటికి నమ్మలేదన్నమాట అన్నది ఆయన తర్కం. హాఫిజ్ ఇబ్నె హజర్ అస్ఖలానీ (మరణం హి.శ. 852) దీనిని అంగీకరించలేదు. నిర్ధారణ అయిన పలుకుకు కూడా ఈ పదం వర్తిస్తుందని పూర్వ భాషావేత్తల ఆధారంతో చూపారు. ఆయనకు ముందే ఇమామ్ నవవీ (మరణం హి.శ. 676) ఇదే మాట చెప్పి ఉన్నారు.

వీరిద్దరూ చూపిన గొప్ప సాక్ష్యం సీబవైహ్ వ్యాకరణ గ్రంథం. హిజ్రీ రెండవ శతాబ్దం నాటి ఈ వ్యాకర్త తన గురువు ఖలీల్ అభిప్రాయాన్ని ఆధారంగా చూపే చోట తరచు "జఅమల్ ఖలీల్" అని వ్రాస్తారు. తాను ఒప్పుకున్న అభిప్రాయానికే, తనకు విద్య నేర్పిన గురువుకే ఆ మాట వాడారు. దీనిని "ఖలీల్ లేనిపోనిది వాదించాడు" అని అనువదిస్తే అరబ్బీ వ్యాకరణ చరిత్రే తారుమారవుతుంది.

అయితే సాధారణ వ్యవహారంలో తేడా లేకపోలేదు. ఒక విషయం నిజమని రూఢిగా తెలిసినప్పుడు అరబ్బులు "జకర" (చెప్పాడు) అంటారనీ, నిజమో కాదో తెలియక సందేహించినప్పుడు "జఅమ" అంటారనీ భాషావేత్త లైస్ చెప్పిన మాటను "లిసానుల్ అరబ్" భద్రపరచింది. కనుక జఅమ్ అంటే అబద్ధం అనటం తప్పు, జఅమ్‌కూ "అన్నాడు"కూ తేడా లేదనటమూ తప్పు. ఆ పలుకు రుజువు బాధ్యత పలికినవాడిదేనని ఎత్తి చూపటం ఈ పదం చేసే పని. జిమామ్ (రజి) చేసింది సరిగ్గా అదే. తాను విన్నదాన్ని విన్నదిగానే మోసుకొని ప్రయాణం చేసి, అసలు వ్యక్తినే అడిగి, నిర్ధారణ చేసుకొని వెళ్ళారు.

"వారంటున్నారు" అనే వాహనం

మరి ఈ మాటను గర్హించిన హదీసు సంగతి ఏమిటి? "జఅమూ" (జనం అంటున్నారు) అన్నది మనిషికి ఎంత చెడ్డ వాహనమో తెలిపే ఒక హదీసు అబూ దావూద్ గ్రంథంలో ఉంది. ఖత్తాబీ (మరణం హి.శ. 388) దీనిని చక్కగా విశదపరచారు. ప్రయాణికుడు గమ్యం చేరటానికి వాహనమెక్కుతాడు. అలాగే, నిరూపించలేని విషయాన్ని ఎదుటివాడి చెవిలో వేయదలచినవాడు "జనం అంటున్నారు" అనే మాట నెక్కి తన పని నెరవేర్చుకుంటాడు. తాను చెప్పలేదనీ అనవచ్చు, చెప్పవలసిందీ చెప్పేయవచ్చు.

ఇమామ్ బుఖారీ తమ గ్రంథంలోని మర్యాదల ప్రకరణంలో "జఅమూ అనే మాట విషయం" అని ఒక అధ్యాయమే నెలకొల్పారు. కాని అందులో ఆయన ఉంచిన హదీసు ఇది కాదు, మనం మొదట చెప్పుకున్న ఉమ్మె హానీ (రజి) హదీసు! గర్హించే ఉల్లేఖన పరంపరలో తెగుదల ఉన్నదని ఇబ్నె హజర్ వివరించారు. బుఖారీ చేసిన ఈ ఎంపికలో ఎంతో వివేకం ఉంది. తన సోదరుని పేరు చెప్పి, న్యాయం చెప్పగలవారి ఎదుట, నేరుగా విన్నవించుకున్న మాట అది. చెప్పినవారెవరో తెలుసు, ఎవరి గురించో తెలుసు, విచారించేవారూ ఎదుటనే ఉన్నారు. ఊరూ పేరూ లేని "జనం" మీదికి నెట్టి ప్రచారం చేయటం వేరు. నిందార్హమైనది ఆ రెండవది.

ఇబ్నె ఇస్‌హాఖ్ పాటించిన జాగ్రత్త

ఈ పదాన్ని చరిత్రకారుడు ఎలా వాడాలో చూపినవారు తొలి సీరత్ గ్రంథకర్తలలో ప్రముఖుడైన ముహమ్మద్ బిన్ ఇస్‌హాఖ్ (మరణం సుమారు హి.శ. 150, క్రీ.శ. 767). ఆయన గ్రంథం ప్రధానంగా ఇబ్నె హిషామ్ సంస్కరణ ద్వారా మనకు అందింది. మరో ఉల్లేఖన పరంపరకు చెందిన లభ్య భాగాలను పరిష్కరించి 1976లో మొరాకోలోని రబాత్ నుండి ప్రకటించినవారు మన హైదరాబాదులో జన్మించిన డాక్టర్ ముహమ్మద్ హమీదుల్లాహ్ (1908–2002) కావటం మనకు సంతోషదాయకం.

ఇబ్నె ఇస్‌హాఖ్ పరంపరతో సహా తెలిసిన విషయాన్ని ఆ పరంపరతో చెబుతారు. అలా తెలియని చోట "నాకు చేరిన దాన్ని బట్టి" అంటారు. జనంలో వ్యాపించినా రూఢి కానిదాన్ని "యజ్ఉమూన్", అంటే "వారంటారు" అనే మాటతో చెబుతారు. హజ్రత్ ఆమినా గర్భవతిగా ఉన్నప్పుడు ఆమెకు వినిపించిన వార్తను చెప్పే చోట ఈ మాటతో పాటు, అసలు సంగతి అల్లాహ్‌కే బాగా తెలుసునని కూడా కలిపారు. 1955లో ఈ గ్రంథాన్ని ఆంగ్లీకరించిన గిల్యామ్ తమ పీఠికలో ఈ పద ప్రయోగాన్ని ప్రత్యేకంగా ప్రస్తావించారు.

బుస్రా పట్టణపు సన్యాసి బహీరా గాథనే తీసుకుందాం. బాల్యంలో ప్రవక్త (స) తమ పెదతండ్రి అబూ తాలిబ్ వెంట సిరియా వైపు వర్తక బిడారుతో వెళ్ళటం, బహీరా ఆయనను గుర్తించటం మనమందరం రబీఉల్ అవ్వల్ సభలలో వింటూ వచ్చిన వృత్తాంతమే. ఇబ్నె ఇస్‌హాఖ్ గ్రంథంలో ఈ గాథ పొడుగునా "యజ్ఉమూన్" అన్న మాట పదే పదే వస్తుంది. ఆశ్రమంలోని గ్రంథం సంగతి వచ్చినా, మేఘం నీడపట్టిన సంగతి వచ్చినా ఆ హెచ్చరిక వెంటే ఉంది. తిర్మిజీలో మరో ఉల్లేఖనం ఉంది. దానిని ఆయన హసన్ గరీబ్ అన్నారు. అందులో హజ్రత్ అబూబక్ర్ (రజి), హజ్రత్ బిలాల్ (రజి) ప్రస్తావన ఉండటాన్ని హాఫిజ్ జహబీ (మరణం హి.శ. 748) తీవ్రంగా ఆక్షేపించారు. అబూబక్ర్ (రజి) అప్పటికి చిన్న బాలుడు, బిలాల్ (రజి)ను ఆయన కొన్నది ఎంతో తరువాత. ఉల్లేఖకులు విశ్వసనీయులేననీ, ఆ ఒక్క వాక్యం మాత్రం పొరపాటున చేరిందనీ ఇబ్నె హజర్ సమన్వయించారు. 1901 నుండి కొన్నేళ్ళు హైదరాబాదులో ఉద్యోగం చేసిన అల్లామా షిబ్లీ నూమానీ (మరణం 1914) తమ సీరతున్నబీ గ్రంథంలో ఈ ఉల్లేఖనాలను విమర్శనాత్మకంగా పరిశీలించారు.

ఆ గాథ జరగనే లేదని తేల్చటం ఈ వ్యాసం ఉద్దేశం కాదు. విద్వాంసుల మధ్య ఉన్న భేదాన్ని పాఠకులు పైన చూశారు. మన ప్రశ్న వేరు. ఇబ్నె ఇస్‌హాఖ్ అంత జాగ్రత్తగా పెట్టిన "యజ్ఉమూన్" ఏమైంది? కథ నోటి నుండి నోటికి, భాష నుండి భాషకు పోయేకొద్దీ ఆ మాట రాలిపోయింది; కథ మాత్రం మిగిలింది. దానివల్ల కలిగిన నష్టం సామాన్యమైనది కాదు. ప్రవక్త (స) మత విషయాలను ఒక క్రైస్తవ సన్యాసి వద్ద నేర్చుకున్నారని ఆరోపించిన పాశ్చాత్య రచయితలు ఈ గాథనే ఎత్తిపట్టారు. చరిత్రకారుడు షరతుతో ఇచ్చిన మాటను మనం షరతు తీసివేసి ప్రచారం చేస్తే, మనలను విమర్శించేవారు కూడా షరతు లేకుండానే వాడుకుంటారు.

ముహద్దిసులు ఈ ప్రమాదాన్ని ముందే గుర్తించి నియమాలు ఏర్పరచారు. రూఢి అయిన హదీసును "ప్రవక్త (స) ఇలా అన్నారు" అని నిశ్చయంగా చెప్పాలి. బలహీనమైనదాన్ని "ఇలా ఉల్లేఖించబడింది", "ఇలా చెప్పబడుతోంది" అనే రూపంలోనే చెప్పాలి. ఇబ్నుస్సలాహ్ (మరణం హి.శ. 643) తమ హదీసు శాస్త్ర గ్రంథంలో దీనిని విధిగా పేర్కొన్నారు. ఇమామ్ నవవీ, తమ కాలంలో గ్రంథకర్తలు సైతం ఈ భేదాన్ని పాటించటం లేదని విచారపడ్డారు.

మన భాషలో ఈ భేదం

తెలుగులో ఈ అవసరం తీర్చటానికి ఒక చిన్న మాట ఉంది. అది "అట". "వచ్చాడు" అంటే చెప్పేవాడి పూచీ ఉంది. "వచ్చాడట" అంటే విన్న సంగతి చెబుతున్నాడు, పూచీ తనది కాదు. ఇబ్నె ఇస్‌హాఖ్ వాడిన "యజ్ఉమూన్"కు ఇంతకంటె దగ్గరి మాట మరొక భాషలో దొరకటం కష్టం. కాని ఖుర్ఆన్ అనువాదంలో "అట" చాలదు. అక్కడ "లేనిపోనిది భావిస్తున్నారు", "వాదిస్తున్నారు" వంటి మాట కావాలి. ఉమ్మె హానీ (రజి) హదీసులో "అంటున్నారు" అన్నదే తగినది. ఉర్దూలో జఅమ్ అనే మాట అహంభావమనే అర్థంలో స్థిరపడింది. "బజఅమె ఖుద్" అంటే తనను తానే గొప్పవాడిగా భావించుకోవటం. ఉర్దూ చదువుకున్న మనవారు ఆ అర్థాన్నే అరబ్బీ గ్రంథాలకు అంటగట్టకుండా చూసుకోవాలి.

మరో విచిత్రం కూడా మన భాషలోనే ఉంది. అరబ్బీలో దావా వేసినవాడు "ముద్దయీ". హదీసు ప్రకారం సాక్ష్యం తేవలసిన బాధ్యత అతనిది. హైదరాబాదు దాయిరతుల్ మఆరిఫ్ ముద్రించిన బైహఖీ సుననె కుబ్రాలో ఈ సూత్రం స్పష్టంగా ఉంది. అదే మాట తెలుగులోనికి "ముద్దాయి"గా వచ్చేసరికి నేరం మోపబడినవాడు అయి కూర్చుంది! ఇది భాషలో జరిగిన మార్పు మాత్రమే. అయినా మన మహల్లాలో, మన బంధువర్గంలో జరుగుతున్నది కూడా ఇదే కాదా? ఎవరో ఎవరి గురించో "అలా అంటున్నారు" అంటారు. సాయంత్రానికి ఆ "అంటున్నారు" రాలిపోతుంది. మర్నాడు ఆ మాట పడినవాడు తన నిర్దోషిత్వానికి రుజువులు వెతుక్కుంటూ తిరుగుతాడు. మాట పుట్టించినవాణ్ణి సాక్ష్యం అడిగినవాడుండడు.

సందేహాస్పదుడు తెచ్చిన వార్తను విచారించమని హుజురాత్ సూరా ఆదేశించింది. తెలియనిదాని వెంట పడవద్దనీ, చెవీ కన్నూ హృదయమూ అన్నీ ప్రశ్నించబడతాయనీ బనీ ఇస్రాయీల్ సూరా హెచ్చరించింది. మన పూర్వ విద్వాంసులు ఆ ఆదేశాన్ని వ్యాకరణంలో, చరిత్ర రచనలో, హదీసు పరిశోధనలో ఒక్కొక్క మాట ఎంపిక దాకా పాటించారు. వారి గ్రంథాలు చదివేటప్పుడు కథతో పాటు ఆ కథ ముందున్న చిన్న మాటను కూడా మనం చదవాలి. ఇతరులకు చెప్పేటప్పుడు ఆ మాటతోనే చెప్పాలి. పూచీ పడినవాడు చెల్లించవలసిందే. "అట"ను తీసివేసి చెప్పిన ప్రతి మాటకూ ఇక జఈమ్‌లం మనమే.